లంకకి కొత్తగా ఎవరొచ్చారు?

(కోనసీమలోని ఒక డిగ్రీ కాలేజీలో, జీవశాస్త్రం విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కొంచెం కిందికి దించండి బాబూ, నా గొంతు నాకే రెండుసార్లు వినపడుతోంది. ఆఁ, చాలు.

ఆహ్వానంలో నా ప్రసంగం పేరు "సముద్ర ద్వీపాలకు చేరే కొత్త జీవజాతుల నమోదు" అని వేశారు. అది చదివి మా ఆవిడ అడిగింది, "మనకి సముద్ర ద్వీపం ఎక్కడుందండీ, గోదారి లంకలు తప్ప?" అని. న్యాయమైన ప్రశ్నే. ముందు ఆ లెక్క తేల్చేసుకుందాం.

మన లంకలు గోదారి మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ. ఒక పక్క కోస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా అంతే, గోదారి ఇసుకని సముద్రం అలల్తో తోసి పోగేసిన దిబ్బ. వీటికీ గట్టుకీ మధ్య నీళ్ళు ఎంతని? నక్క ఈదుకుంటూ వెళ్ళిపోతుంది, గేదె అయితే చెప్పక్కర్లేదు. సముద్ర ద్వీపం సంగతి వేరు. అది ఏనాడూ ఏ ఖండానికీ అంటుకుని లేదు. సముద్రం అడుగునించి అగ్నిపర్వతం లేచి, నీటి పైకి తల పెట్టి, చల్లారి రాయి అవుతుంది. పుట్టినప్పుడు దాని మీద గడ్డిపోచ ఉండదు, చీమ ఉండదు. తరవాత దాని మీద ఏది కనపడ్డా అది బయటినుంచి వచ్చిందే. గాల్లో ఎగిరి వచ్చింది, నీళ్ళలో తేలి వచ్చింది, లేదా ఎవరి ఒంటినో పట్టుకుని వచ్చింది. నాలుగో దారి లేదు. మన దేశంలో అలాంటిది చూడాలంటే అండమాన్‌లో బారెన్ ద్వీపం ఉంది, ఇప్పటికీ పొగలు కక్కుతూ ఉంటుంది. దాని మీద మేకలున్నాయి! అగ్నిపర్వతం మీద మేకలేమిటి అంటారా? పూర్వం ఓడల వాళ్ళు దింపిపోయినవి. అదీ ఒక రాకే.

ఇలాంటి చోట్ల రాకల్ని మొదటి రోజు నుంచీ రాసుకుంటూ వచ్చిన కథ ఒకటి చెబుతాను. ఐస్‌లాండ్ దక్షిణ తీరం అవతల, 1963 నవంబరు 14, తెల్లవారుజామున. చేపల పడవ ఒకటి వేటలో ఉంది. ఆ పడవలో వంటవాడికి దూరంగా నల్లటి పొగ కనపడింది. ఏదో పడవ తగలబడుతోందనుకుని సాయం చేద్దామని దగ్గరికి వెళ్ళారు. వెళితే పడవ కాదు, సముద్రమే మండుతోంది. అలా పుట్టిన ద్వీపానికి వాళ్ళ పురాణాల్లోని నిప్పు రాక్షసుడి పేరు మీద సుర్ట్‌సీ అని పెట్టారు. 1967 జూన్ దాకా లావా వస్తూనే ఉంది. మీరు గమనించండి, ఆ ద్వీపాన్ని మొట్టమొదట చూసినవాడు శాస్త్రవేత్త కాడు, పడవలో వంట చేసుకునేవాడు. ఈ మాట మళ్ళీ ఎత్తుతాను.

ఐస్‌లాండ్ వాళ్ళు ఒక మంచి పని చేశారు. 1965లోనే, ఇంకా అది చల్లారకముందే, ఎవరూ కాలు పెట్టకూడదని చట్టం చేశారు. కొద్దిమంది పరిశోధకులు మాత్రం వెళ్ళాలి, వాళ్ళు కూడా బట్టలూ సంచులూ దులుపుకుని వెళ్ళాలి. స్టుర్లా ఫ్రిద్రిక్‌సన్ అనే ఆయనా ఆయన తోటివాళ్ళూ ఏటేటా వెళ్ళి, కనపడిన ప్రతి మొలకనీ లెక్క రాశారు. 1964 వసంతంలో ఒక చిన్న ఎగిరే పురుగు దొరికింది. 1965లో ఒడ్డున ఇసుకలో సముద్రపు ఆవజాతి మొక్క మొలిచింది. మొలిచింది కదా అని సంబరపడ్డారా, పైనించి బూడిద పడి కప్పేసింది. మళ్ళీ విత్తనాలు కొట్టుకొచ్చాయి, మళ్ళీ మొలిచాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మొదటి ఇరవై ఏళ్ళలో సుర్ట్‌సీ మీద 20 రకాల మొక్కలు ఎప్పుడో ఒకప్పుడు కనపడ్డాయి. వాటిలో నిలదొక్కుకున్నవి 10. 2008 నాటికి కనపడినవి 69, నిలబడినవి సుమారు 30. అంటే వచ్చినదంతా ఉండిపోదు. మీ పుస్తకంలో "కొత్త మొక్క కనపడింది" అని ఒక్క గడి పెట్టుకుంటే ఈ తేడా దొరకదు. విత్తనం మాత్రమే కనపడిందా, మొలిచిందా, పువ్వుకి వచ్చిందా, కాయ కట్టిందా, ఆ కాయలోంచి పిల్ల మొక్క వచ్చిందా? ఇవన్నీ వేరే వేరే తేదీలు. చుట్టం రావడం వేరు, ఇల్లరికం రావడం వేరు.

(నవ్వులు)

ఇంకో సంగతి. ఆ మొక్కల సంఖ్య ఎప్పుడు పెరిగిందంటే, 1986 ప్రాంతంలో సముద్రపు కాకులు గుంపులుగా గూళ్ళు పెట్టడం మొదలుపెట్టాక. రెట్ట వేస్తాయి, ఆ రాళ్ళకి అదే ఎరువు. పిట్టలు ఎక్కడ చేరాయో అక్కడ పచ్చబడింది. పిట్టల తేదీ ఒకరూ మొక్కల తేదీ ఇంకొకరూ రాసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు కాబట్టి ఆ సంబంధం తెలిసింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన టేకుచేప జాతి గుడ్డుసంచుల్ని కూడా ఊరికే పారెయ్యలేదు. 1969లో వాటిని పట్టి చూస్తే పైన విత్తనాలు అంటుకుని ఉన్నాయి.

అయినా అంత జాగ్రత్తగా ఉన్నచోటే ఒకసారి రామములగ మొక్క మొలిచింది. రామములగంటే ఈ కాలం పిల్లలకి తెలుసో లేదో, టమాటా. ఐస్‌లాండ్ చలిలో, సముద్రం మధ్యన, టమాటా! వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, వచ్చిన పరిశోధకుల్లో ఎవరో బహిర్భూమికి వెళ్ళారు. టమాటా గింజ అరగదు కదా. ఆ మొక్కని పీకేశారు, కానీ రాతలోంచి మాత్రం పీకెయ్యలేదు. అందుకే ఈ రోజు నేను మీకు చెప్పగలుగుతున్నాను.

నవ్వుతున్నారుగానీ, అలాంటి తప్పు నా చేతా జరిగింది. గౌతమి మొగ దగ్గర, భైరవపాలెం అవతల, వరద తీశాక కొత్తగా ఒక ఇసుక మేట లేచింది. నా ఉద్యోగం రోజుల్లో సంగతి. పిల్లల్ని వేసుకుని వెళ్ళేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు రాసిన పేజీ తెచ్చాను, చదువుతాను. "పాటు సమయం. మేట పొడవు 210 అడుగులు. మొక్కలు లేవు. గడ్డి లేదు. ఎర్రపీతలు ఉన్నాయి. అలల గీత మీద తాటి టెంక 1, కొబ్బరికాయలు 3, ఉప్పుపొన్న కాయ మొలకలు 7, రబ్బరు చెప్పు 1, దానికి గుల్లలు పట్టి ఉన్నవి." అంతే. ఒక కుర్రాడు అడిగాడు, "మేస్టారూ, లేవు లేవు అని రాయడానికి ఇంత దూరం రావాలాండీ?" అని. రావాలి నాయనా. ఈ రోజు "లేదు" అని రాస్తేనే రేపటి "ఉంది"కి విలువ.

రెండోసారి వెళ్ళేసరికి బాలబండి తీగ ఒకటి, నాలుగు ఆకులతో. మీ సముద్రపు ఒడ్డున ఊదారంగు పువ్వులు పూసే తీగ, మేకపాదం లాంటి ఆకు. ఆకుకి దారం కట్టి, పక్కన పుల్ల గుచ్చి, తేదీ రాశాం. మూడోసారి వెళితే ఇంకోటి కూడా ఉంది, పుచ్చ పాదు! పిల్లలు ఎగిరి గంతేశారు, వరదకి పైనుంచి లంకల్లోని పుచ్చతోటల విత్తనం కొట్టుకొచ్చిందని. నాకు గుండెలో రాయి పడింది. ఎందుకంటే కిందటిసారి ఎండకి తాళలేక మేం అక్కడే కూచుని పుచ్చకాయ కోసుకు తిన్నాం. గింజలు ఎవరు ఎక్కడ ఉమ్మారో! గోదారి తెచ్చిందా మేం తెచ్చామా? తేల్చే దారి లేదు. ఆ గడిలో రెండు అవకాశాలూ రాసి పెట్టాం. అప్పటినుంచి మా పడవలో పుచ్చకాయ ఎక్కనివ్వలేదు. జామకాయ కూడా.

ఆ మేట ఏమైందో కూడా చెప్పాలి కదా. తరవాతి ఆగస్టు వరదకి పోయింది. చివరి పేజీలో ఒకే మాట ఉంది, "మేట లేదు." సుర్ట్‌సీ అయినా అంతే. 1967లో లావా ఆగేనాటికి 2.65 చదరపు కిలోమీటర్లు, అలలు కోసి కోసి ఇప్పుడు అందులో సగమే మిగిలింది.

సరే, ముందు ఏముందో రాయకపోతే ఏమవుతుందో చూద్దాం. క్రాకటోవా పేరు వినే ఉంటారు. జావా, సుమత్రాల మధ్య ద్వీపం. 1883 ఆగస్టు 27న పేలిపోయింది. తొమ్మిది నెలల తరవాత ఒక ఫ్రెంచి యాత్రికుడు అక్కడ దిగి అంతా గాలిస్తే కనపడినది ఒకే ఒక్క సాలీడు. సూది మొనంత సాలీడు, ఒక్కటంటే ఒక్కటి, గూడు అల్లుకుంటోందిట. ఈగ లేని చోట గూడు! ఏ ఆశతో అల్లిందో. దారం పోగు గాల్లోకి వదిలి, ఆ పోగుతోపాటు ఎగిరి సముద్రాలు దాటతాయి పిల్ల సాలీళ్ళు. సంక్రాంతి నెల్లో పొద్దున్నే చేలగట్ల మీద వెండిపోగుల్లా మెరుస్తాయే, అవే.

కానీ అసలు తగువు తరవాత వచ్చింది. అక్కడ అడవి మళ్ళీ పెరిగాక, "చూశారా, సున్నా నుంచి జీవం ఎలా వచ్చిందో" అని అందరూ పాఠాలు రాసుకున్నారు. 1929లో బ్యాకర్ అనే వృక్షశాస్త్రవేత్త అడ్డం తిరిగాడు. సున్నా అని ఎవరు చూశారయ్యా? పేలకముందు అక్కడ ఏ మొక్కలున్నాయో సరైన జాబితా లేదు. పేలిన వెంటనే బూడిద కింద ఏ వేరూ ఏ విత్తనమూ బతికి లేదని ఎవరూ తవ్వి చూడలేదు. మరి వచ్చినవేవో మిగిలినవేవో ఎలా తెలుస్తుంది? ఆయన చెప్పిందంతా ఒప్పు అని అననుగానీ, ఆ ప్రశ్నకి గట్టి జవాబు చెప్పే కాగితం మటుకు ఎవరి దగ్గరా లేకపోయింది.

పసిఫిక్‌లో గువామ్ ద్వీపం కథ ఇంకా ఘోరం. రెండో ప్రపంచ యుద్ధం అయిన రోజుల్లో సరుకుల్లో దాక్కుని చెట్లెక్కే గోధుమరంగు పాము ఒకటి ఆ దీవికి చేరింది. ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్ళకి ఒక్కొక్క అడవిలో పిట్టల కూత ఆగిపోతూ వచ్చింది. పురుగుమందులేమో అన్నారు, పిట్టల జబ్బేమో అన్నారు. 1980లలోగానీ పాము పనే అని రుజువు కాలేదు. అప్పటికి ఆలస్యమైపోయింది. 12 రకాల అడవిపిట్టల్లో 10 ఆ దీవి మీద లేకుండా పోయాయి. పాము ఏ ఏడు ఏ రేవులో కనపడిందో, అక్కణ్ణుంచి ఎటు పాకిందో వెంటనే ఎవరైనా రాసి ఉంటే, పిట్టలు పోయిన వరస కూడా అదేనని ముందే పట్టుకునేవారు.

దీనికి ఎదురు కథ కరీబియన్‌లో ఉంది. 1995లో రెండు పెద్ద తుపాన్లు వెంట వెంట వచ్చాయి. కొన్ని వారాల తరవాత అంగ్విల్లా అనే చిన్న దీవి తూర్పు ఒడ్డుకి వేళ్ళతో సహా లేచిన చెట్లూ మానులూ తెప్పలాగా కొట్టుకొచ్చాయి. దాని మీద ఇగ్వానాలు, మన ఉడుమంత బల్లులు, కనీసం 15. ఆ పచ్చ ఇగ్వానా అంతకుముందు ఆ దీవిలో లేదు. జంతువులు తెప్పలెక్కి దీవులు దాటతాయని పండితులు వందేళ్ళు వాదించుకున్నారుగానీ, దిగడం కళ్ళారా చూసినవాళ్ళు దొరకలేదు. ఇక్కడ చూసినవాళ్ళు ఎవరు? జాలర్లు, సుర్ట్‌సీ దగ్గర పడవలో వంటవాడిలాగే. వాళ్ళు చెప్పారు, పరిశోధకులు వాళ్ళ మాట నమ్మి రాసుకున్నారు. 1998లో అది అచ్చయింది.

మనకిది వింతా? 1986 వరద చూసినవాళ్ళని అడగండి. గడ్డివాములూ ఇంటికప్పులూ కొట్టుకుపోతుంటే వాటి మీద పాములూ కోళ్ళూ కలిసి ప్రయాణం. రెండింటికీ ఆకలి లేదు, భయం తప్ప. ఆ రోజు ఏ లంకకి ఏది చేరిందో ఒక్కరంటే ఒక్కరు రాసుకున్నారా? లేదు. ప్రాణాలు దక్కితే చాలనుకున్నారు, దాన్ని తప్పు పట్టను.

అసలు మనవాళ్ళు రాయలేదు అనడం కూడా పూర్తిగా నిజం కాదులెండి. కాగితం మీద రాయలేదుగానీ, పేర్లలో రాశారు. సీమచింత. చింత మనదే, ఇది సీమనుంచి వచ్చిన చింత. మెక్సికో వైపు చెట్టు. సీమతుమ్మ, దాన్నే సర్కారు తుమ్మ అంటాం. ఎవరు తెచ్చి నాటించారో పేరులోనే దస్తావేజు. మిరపకాయ కొత్తగా వచ్చినప్పుడు నోరు మండేది మనకి తెలిసింది మిరియం ఒక్కటే కాబట్టి దాని పేరే అరువిచ్చారు. కాలవల్లో ముసురుకునే గుర్రపు డెక్కని చూడండి, దక్షిణ అమెరికాది. పువ్వు బాగుందని తోటల్లో పెంచుకోవడానికి తెచ్చిన మొక్క ఇవాళ లాకుల దగ్గర పొక్లెయిన్లు పెట్టి తీసినా తరగడం లేదు. ఊరివాళ్ళు ఆకు చూసి పేరు పెట్టేశారు. ఆ పేర్లలో ఎక్కడిదో ఉంది, ఎలా ఉందో ఉంది. ఎప్పుడొచ్చిందో మాత్రం లేదు. మీ వంతు అక్కడ మొదలవుతుంది.

నా వంతు నేను ఎలా చెడగొట్టుకున్నానో కూడా చెప్పేస్తాను. మా పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి. దింపు తీసే అతను ఒకరోజు చెట్టు దిగి వచ్చి, "మేస్టారండీ, ఆకు అడుగున ఎవరో ముగ్గేసినట్టుందండి" అన్నాడు. చుట్లు చుట్లుగా తెల్లటి పిండి. నేను పేపరు చదువుకుంటూ, "బూజయ్యుంటుందిలే" అన్నాను. ఆయనకి డబ్బులిచ్చి పంపించేశాను. వృక్షశాస్త్రంలో ముప్ఫై ఏళ్ళ పాఠాలు చెప్పిన మనిషిని! కొన్నాళ్ళకి ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడ్డాయి. అదేమిటంటే సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా పురుగు. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో మొదట పట్టుకున్నారు, కొద్ది నెలల్లోనే కడియం వైపు కనపడింది. ఆడదోమ గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెడుతుంది, అదే ఆ ముగ్గు. దాని తేనెబంక కింది ఆకుల మీద పడితే మసి పడుతుంది. దింపు తీసే అతను చెప్పిన రోజు ఏది అని తరవాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి అడిగితే నా దగ్గర తేదీ లేదు. శీతాకాలమని గుర్తు, అంతే. ఆ వాక్యం పుస్తకంలో రాయడానికి నాకు అర నిమిషం పట్టేది.

దీంట్లో ఒక తమాషా ఉంది. ఆ దోమని తినే చిన్న కందిరీగ కూడా పిలవకుండానే మన దేశానికి వచ్చేసింది. దోమ పిల్ల ఒంట్లో గుడ్డు పెట్టి చంపుతుంది. అందుకే అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్ళు మందులు కొట్టకండి, కొడితే దోమకన్నా ముందు ఇది చస్తుంది అని రైతులకి మొత్తుకున్నారు. దానికి తోడు దోమకి రోగం తెప్పించే బూజునే మందుగా తయారు చేసిచ్చారు. ఆ కందిరీగ వచ్చిన రోజు కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగిన పని. పరికరాలు అడక్కండి. నూలు తాడు నాలుగు మీటర్లు, నాలుగు పుల్లలు, పాత దినపత్రికలు, పెన్సిలు. పెన్ను వద్దు, తడిస్తే అలుక్కుపోతుంది. లంక మీద ఒక చదరపు మీటరు గడి కట్టండి. తేదీ, పోటా పాటా, ఎవరు చూశారు. మొక్క పేరు తెలియకపోతే తెలియదనే రాయండి, ఊరివాళ్ళు ఏమంటారో రాయండి, కొమ్మ ఒకటి పేపరు మడతలో పెట్టి బరువు పెట్టండి. పేరు పదేళ్ళ తరవాతైనా దొరుకుతుంది, తేదీ దొరకదు. ఇంట్లో చేసుకునే పని కూడా ఒకటుంది. డార్విన్ ఒక చెరువు ఒడ్డున మూడు చెంచాల బురద తీసి, ఆరు నెలలు తన గదిలో మూత పెట్టి ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనీ పీకి లెక్కపెట్టాడు. 537 మొక్కలు! కొల్లేరు నుంచి ఎగిరి వచ్చిన బాతు కాలికి అంటిన బురద ఎంత పని చేస్తుందో ఊహించుకోండి.

ఏవన్నా అడుగుతారా?

(ఒక విద్యార్థిని: సార్, సముద్రంలో ప్లాస్టిక్ మీద కూడా జీవులు వస్తాయా?)

వస్తాయమ్మా. ఇందాక రబ్బరు చెప్పుకి గుల్లలు అని చదివాను కదా. కలప తెప్ప కొన్నాళ్ళకి కుళ్ళి మునుగుతుంది, చెప్పు మునగదు. 2011లో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు కొట్టుకుపోయిన పడవలూ రేవు ముక్కలూ పసిఫిక్ దాటి అమెరికా తీరానికి చేరాయి. వాటి మీద బతికి చేరిన జపాన్ జీవులు దాదాపు 300 రకాలని లెక్క తేల్చారు. కొన్ని ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉండి వచ్చాయి.

(ఒక విద్యార్థి: వనామీ రొయ్య కూడా బయటిదే కదండీ? అది కొత్త జాతి కింద రాయాలాండి?)

బయటిదే, అమెరికా పసిఫిక్ తీరానిది. 2009లో సర్కారు అనుమతితో వచ్చింది, దానికి కాగితం ఉంది. చెరువులో ఉన్నంతసేపు రాయక్కర్లేదు. వరదకి గట్టు తెగి, మడకాలవలో నీ వలకి పడింది అనుకో, అప్పుడు రాయి. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఏ సైజు. మీ నాన్నగారిది చెరువా? అయితే ముందు ఆయన్నే అడుగు, నాకన్నా ఆయనే బాగా చెబుతారు.

ఆదివారం హోప్ ఐలాండ్ వచ్చేవాళ్ళు పేర్లు ఇవ్వండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కాదు కాబట్టి అటవీశాఖ వాళ్ళు ఒప్పుకున్నారు. పడవ పొద్దున్న ఆరింటికల్లా బయల్దేరాలి, సరంగు ఆగడు. బయల్దేరే ముందు ప్యాంటు మడతలు విప్పి దులుపుకోండి, సాక్సులు తిరగేసి చూసుకోండి. పల్లేరుకాయలు ఉంటాయి.